కోర్లు లెక్కపెట్టడం ఆపి మెమరీ లెక్కపెడదాం

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల బిల్డు సూచనల్లో, అంటే సోర్స్ కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేసే పద్ధతి చెప్పేచోట, ఒక వాక్యం దాదాపు ప్రతిచోటా కనిపిస్తుంది. మేక్ అనే బిల్డు టూల్‌కి ‘జె’ ఆప్షన్ ఇచ్చి, పక్కన ఎన్‌ప్రాక్ (కోర్ల సంఖ్య చెప్పే కమాండు) చెప్పే సంఖ్య పెట్టండి అని. మెషీన్లో ఎన్ని కోర్లుంటే అన్ని కంపైలర్లను ఒకేసారి నడపమని దానర్థం. రాసినవాళ్ల మెషీన్లో అది చక్కగానే నడిచి ఉంటుంది. నాలుగు కోర్లూ ఒక జీబీ మెమరీ ఉన్న చిన్న బోర్డు మీదో, అద్దెకు తీసుకున్న చిన్న వర్చువల్ మెషీన్ మీదో అదే కమాండు కొట్టినవాళ్లకు మాత్రం కాసేపట్లో టెర్మినల్ బిగుసుకుపోతుంది. కీ నొక్కితే అక్షరం పడదు. వేరే చోటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్దామంటే పాస్‌వర్డ్ అడగడానికే నిమిషాలు పడుతుంది. చివరికి ‘కిల్డ్’ అన్న ఒక్క మాటతో బిల్డు ఆగిపోతుంది.

ఆ సూచనే తప్పని నా వాదన. చిన్న మెషీన్లో ఒకేసారి ఎన్ని పనులు నడవాలో తేల్చాల్సింది కోర్లు కాదు, మెమరీ. ఆ సంఖ్యను నిర్ణయించాల్సింది ప్రాజెక్టు రాసినవాళ్లూ కాదు, ఆ మెషీన్ని నడిపేవాళ్లు. ఈ రెండూ చాలామంది ఒప్పుకునేవే. కానీ మన బిల్డు స్క్రిప్టులు, సీఐ (కోడ్ మారినప్పుడల్లా బిల్డునీ టెస్టులనీ తనంతట తానే నడిపే వ్యవస్థ) కాన్ఫిగరేషన్లు, టూల్స్ డిఫాల్టులు చూస్తే ఒప్పుకున్నట్టు ఎక్కడా అనిపించదు.

నాలుగు కోర్ల మీద ఎనిమిది కంపైలర్లు పడ్డాయనుకోండి. కెర్నల్ షెడ్యూలర్ వాటికి వంతులు వేస్తుంది. ఒక్కొక్కటి సగం వేగంతో నడుస్తుంది, మొత్తం పని దాదాపు అదే సమయంలో పూర్తవుతుంది. సీపీయూ అంటే కాలం, కాలాన్ని ముక్కలు చేసి పంచుకోవచ్చు. మెమరీ అంటే చోటు. ఒక జీబీ కావాల్సిన కంపైలర్‌కి అర జీబీ ఇచ్చి, ‘రెట్టింపు సేపు తీసుకో, సర్దుకో’ అంటే కుదరదు. దానికి ఆ జీబీ మొత్తం ఒకేసారి కావాలి. ‘ఎక్కువ పనులు పెడితే ఏముంది, ఆపరేటింగ్ సిస్టమే చూసుకుంటుంది’ అనేవాళ్లు సీపీయూ విషయంలో నిజమైన మాటను మెమరీకి కూడా అంటగడుతున్నారు. బిల్డుని ‘నైస్’ కింద నడిపితే చాలనుకోవడమూ ఇలాంటిదే. నైస్ సీపీయూ వంతుల్లో వెనక నిలబెడుతుంది గానీ, తినే మెమరీలో ఒక్క బైటు కూడా తగ్గించదు.

మెమరీ చాలనప్పుడు లోపల జరిగేదేమిటో కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ డెన్నింగ్ 1968లోనే వివరించారు. ప్రతి ప్రోగ్రామ్‌కీ ఆ సమయానికి మెమరీలో ఉండి తీరాల్సిన పేజీల గుంపు ఒకటి ఉంటుంది. దాన్ని వర్కింగ్ సెట్ అన్నారు. నడుస్తున్న ప్రోగ్రాముల వర్కింగ్ సెట్లన్నీ కలిపి మెమరీలో పట్టకపోతే, మెషీన్ పేజీలను డిస్కుకీ మెమరీకీ మధ్య మోయడంలోనే మునిగిపోతుంది, అసలు పని జరగదు. అదే త్రాషింగ్. వర్కింగ్ సెట్లు పట్టేటన్ని ప్రోగ్రాములనే లోపలికి రానివ్వాలి, మిగతావి బయట ఆగాలి అన్నది ఆయన చూపిన దారి. అప్పటికీ ఇప్పటికీ మెమరీ ఎన్నో రెట్లు పెరిగింది. కంపైలర్ల ఆకలీ దాంతో పాటే పెరిగింది. దారి మాత్రం అదే.

మెమరీ చాలనప్పుడు పేజీలు దాచుకోవడానికి డిస్కు మీద కేటాయించే చోటు స్వాప్. ‘స్వాప్ ఆపేస్తే త్రాషింగ్ ఉండదు’ అనే నమ్మకం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. స్వాప్ లేకపోయినా, మెమరీ బిగుసుకున్నప్పుడు కెర్నల్ డిస్కు మీద ఎలాగూ కాపీ ఉన్న పేజీలను వదిలేస్తుంది. ప్రోగ్రాముల కోడ్ పేజీలు కూడా అలాంటివే. అంటే కంపైలర్ తన సొంత ఇన్‌స్ట్రక్షన్లనే కాసేపటికోసారి డిస్కు నుంచి మళ్లీ చదువుకోవాల్సి వస్తుంది. షెల్, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, అన్నిటిదీ అదే పరిస్థితి. ఆ డిస్కు ఒక ఎస్‌డీ కార్డయితే ఇక చెప్పక్కర్లేదు. కీ నొక్కినా అక్షరం పడకపోవడానికి అసలు కారణం ఇదే. ఆ సమయంలో లోడ్ యావరేజ్ (నడుస్తున్న, ఎదురుచూస్తున్న పనుల సగటు సంఖ్య) కోర్ల సంఖ్యకు ఎన్నో రెట్లు చూపిస్తుంది, సీపీయూ మాత్రం చాలావరకు ఖాళీగా డిస్కు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. లినక్స్‌లో లోడ్ యావరేజ్ డిస్కు కోసం నిద్రపోయే ప్రాసెస్‌లను కూడా కలిపి లెక్కపెడుతుంది కాబట్టి ఆ అంకె అలా వస్తుంది.

చివరికి, మెమరీ పూర్తిగా అయిపోయినప్పుడు ఏదో ఒక ప్రాసెస్‌ని చంపే కెర్నల్ భాగం, ఓఓఎం కిల్లర్, రంగంలోకి దిగుతుంది. అది సాధారణంగా ఎక్కువ మెమరీ పట్టుకున్న ప్రాసెస్‌నే ఎంచుకుంటుంది. బిల్డులో ఎక్కువ మెమరీ పట్టేది ఎవరు? చాలాసార్లు చివర్లో వచ్చే లింకర్, కంపైలైన ముక్కలన్నిటినీ కలిపి ఒక్క ప్రోగ్రామ్ చేసేది. అంటే గంటసేపు ఓపిగ్గా కంపైల్ చేసుకుంటూ వచ్చిన పని ఫలితం ఇవ్వబోయే ముందు ఆగిపోతుంది. లేదా టెంప్లేట్లతో నిండిన ఒక సీ ప్లస్ ప్లస్ ఫైలు దగ్గర జీసీసీ కంపైలర్ లోపల నడిచే సీసీ1ప్లస్ అనే ప్రోగ్రామ్ చచ్చిపోయి, జీసీసీ ఆ సంగతి ఒక్క లైనులో చెప్తుంది. సీఐ లాగులో అయితే 137 అనే ఎగ్జిట్ కోడ్ మాత్రమే మిగులుతుంది. 128కి 9 కలిపితే 137, ఆ 9 కిల్ సిగ్నల్ నంబరు. ఇది తెలిసినవాళ్లకు ‘మెమరీ అయిపోయి ఉంటుంది’ అని వెంటనే తడుతుంది. తెలియనివాళ్లు తమ కోడ్‌లోనో కంపైలర్ వెర్షన్‌లోనో తప్పు వెతుక్కుంటూ రోజులు పోగొట్టుకుంటారు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ తెలియనివాళ్ల సంగతే. పెద్ద మెషీన్ ఉన్నవాళ్లకు ఈ సమస్య ఉందనే తెలియదు. చిన్న మెషీన్ తప్ప వేరే దిక్కులేని విద్యార్థి, ఖాళీ సమయంలో ఓపెన్ సోర్స్‌కి పనిచేసే వలంటీర్, పాత లాప్‌టాప్‌ని బిల్డు సర్వర్‌గా వాడుకునేవాళ్లు — ఒక ప్రాజెక్టుతో వీళ్ల తొలి పరిచయం ఈ ‘కిల్డ్’ అనే మాట. రీడ్‌మీలో చెప్పిందే చేశారు. అయినా కాలేదు. ‘ఇది మన వల్ల అయ్యేది కాదేమో’ అని వెళ్లిపోయినవాళ్లు ఇష్యూ కూడా తెరవరు. అందుకే ఆ ప్రాజెక్టుకి ఈ నష్టం ఎప్పటికీ కనబడదు.

ఇందులో మరో చిక్కు ఉంది. ఇలా ఆగిపోయిన బిల్డుని మళ్లీ నడిపితే తరచు పూర్తయిపోతుంది. మొదటిసారి చాలా ఆబ్జెక్ట్ ఫైళ్లు తయారైపోయాయి కాబట్టి రెండోసారి ఒకేసారి నడిచే భారీ పనులు తక్కువ. దాంతో ‘ఇంకోసారి కొట్టి చూడు’ అన్నది అలవాటైపోతుంది. టెస్టుల దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. మెషీన్ మీద భారం పెరిగినప్పుడు, ఐదు సెకన్లలో రావాల్సిన జవాబు ఏడో సెకనుకి వస్తుంది, టైమౌట్ అవుతుంది, టెస్టు ఫెయిలవుతుంది. ఆ టెస్టు మీద ‘ఫ్లేకీ’ అని ముద్ర వేసి, ఫెయిలైతే మళ్లీ నడిపేలా సీఐలో సెట్ చేస్తారు. ఇప్పటికే ఊపిరాడని మెషీన్‌కి ఆ రీట్రై మరింత పని తెస్తుంది. పక్క టెస్టులూ టైమౌట్ అవుతాయి. టెస్టులో తప్పేమీ లేదు. ఒకేసారి నడిచే వర్కర్ల సంఖ్య సగానికి తగ్గిస్తే ఆ ‘ఫ్లేకీ’ టెస్టుల్లో ఎన్ని బాగుపడతాయో, వాటిని తీసేసే ముందు చూడమని నేను గట్టిగా అడుగుతాను.

ఇక డిఫాల్టుల సంగతి. జీఎన్‌యూ మేక్ అంకె ఇవ్వకపోతే ఒక్కటొక్కటిగానే నడుపుతుంది. అది మర్యాద. కానీ ‘జె’ రాసి పక్కన అంకె మర్చిపోతే అసలు హద్దే లేకుండా, సిద్ధంగా ఉన్న పనులన్నిటినీ ఒకేసారి వదులుతుంది. నింజా అనే మరో బిల్డు టూల్ ఏమీ అడగకుండానే కోర్ల సంఖ్యకు రెండు కలిపి మొదలుపెడుతుంది. నాలుగు కోర్లకు ఆరు పనులన్నమాట. రస్ట్ భాష బిల్డు టూల్ కార్గో లాజికల్ సీపీయూల సంఖ్య తీసుకుంటుంది. వీటిలో ఏదీ డిఫాల్టుగా మెమరీ ఎంతుందో చూడదు. రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ బోర్డులో నాలుగు కోర్లున్నాయి, మెమరీ 512 ఎంబీ. పంచితే కోరుకి 128 ఎంబీ. అందులోంచి ఆపరేటింగ్ సిస్టమ్ వాటా కూడా తీయాలి. ఆ బోర్డు మీద కోర్ల లెక్కతో సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు బిల్డు చేయమనడం ఆగిపోవడం ఖాయమని తెలిసీ పంపడమే. పైగా ఇలాంటి బోర్డులు వేడెక్కితే, సుమారు 80 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. సరైన కూలింగ్ లేకపోతే నాలుగో కోరు ఇచ్చే లాభం కూడా కాగితం మీదే.

జెంటూ అనే లినక్స్ డిస్ట్రో వాళ్ల సలహా వీటికి పూర్తిగా భిన్నం. సీపీయూ థ్రెడ్ల సంఖ్య ఒకవైపు, మొత్తం మెమరీని రెండు జీబీలతో భాగిస్తే వచ్చేది మరోవైపు, ఈ రెండింటిలో చిన్నదే తీసుకోమంటారు. ఇంటింటా ప్యాకేజీలను సొంతంగా కంపైల్ చేసుకునే డిస్ట్రో అది, కాబట్టి వాళ్ల మాటకు విలువుంది. ఆ లెక్కలో నాలుగు కోర్లూ నాలుగు జీబీలూ ఉన్న మెషీన్‌కి వచ్చేది రెండే పనులు. సీ కోడ్‌కి ఇది మరీ పిసినారి లెక్కనిపించవచ్చు, ఒక మామూలు సీ ఫైలు కంపైల్ కావడానికి రెండు జీబీలు అక్కర్లేదు. కానీ పొరపాటు జరిగితే ఏ వైపు జరగాలి? రెండు పనులతో నడిచిన బిల్డు కాస్త ఆలస్యంగా పూర్తవుతుంది. నాలుగు పనులతో నడిచింది మెమరీ చాలక పూర్తే కాదు. ఈ రెండు నష్టాలూ సమానం కావు.

‘హద్దు పెడితే నెమ్మదిస్తుంది కదా’ అన్న అభ్యంతరానికి నా జవాబు కూడా ఇక్కడే ఉంది. మెమరీ సరిపోయేంతవరకు పనులు పెంచితే వేగం పెరుగుతుంది, నిజమే. ఆ గీత దాటిన తర్వాత వేగం కొద్దికొద్దిగా తగ్గదు, ఒక్కసారిగా కూలిపోతుంది. మెమరీలోంచి చదవడానికీ డిస్కు నుంచి చదవడానికీ ఉన్న తేడా వేల రెట్లలో ఉంటుంది కాబట్టి, కొంచెం ఎక్కువైనా శిక్ష కొంచెంగా ఉండదు. అందుకే గీతకి ఒక అడుగు ఇవతల ఆగడం పిరికితనం కాదు, అతి వేగవంతమైన చోటు అదే.

సంఖ్య తేలినా దాన్ని ఎక్కడ అమలు చేయాలన్నది ఇంకా పెద్ద సమస్య. ఎందుకంటే నేటి బిల్డుల్లో ఒక టూల్ లోపల ఇంకో టూల్ నడుస్తుంది, ప్రతిదీ మెషీన్ మొత్తం తనదే అనుకుంటుంది. సీఐ రన్నర్ రెండు జాబులు ఒకేసారి తీసుకుంటుంది. ఒక్కో జాబు నాలుగు ప్రాసెస్‌లతో మేక్ నడుపుతుంది. అందులో ఒక లింకు, లింక్ టైమ్ ఆప్టిమైజేషన్ (లింక్ చేసేటప్పుడు కోడ్‌ని మెరుగుపరచడం) కోసం నాలుగు థ్రెడ్లు తెరుస్తుంది. కూడిక కాదిది, గుణకారం. నిక్స్ అనే ప్యాకేజీ మేనేజర్ కాన్ఫిగరేషన్‌లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది: ఒకేసారి ఎన్ని బిల్డులు అనేది ఒక సెట్టింగు, ఒక్కో బిల్డుకి ఎన్ని కోర్లు అనేది మరొకటి, నిజంగా పడే భారం ఆ రెండింటి లబ్ధం. చాలామంది ఒకదాన్ని తగ్గించి రెండోదాన్ని మర్చిపోతారు.

ఈ గుణకారానికి జీఎన్‌యూ మేక్ దగ్గర ఎప్పటినుంచో ఒక అందమైన పరిష్కారం ఉంది. దాని పేరు జాబ్‌సర్వర్. పై స్థాయి మేక్ ఒక పైపు తెరిచి, అందులో ఒక్కో బైటు చొప్పున టోకెన్లు వేస్తుంది. కింద నడిచే ప్రతి మేక్‌కీ ఒక పని చేసుకునే హక్కు ముందే ఉంటుంది. అంతకుమించి ఇంకో పని మొదలుపెట్టాలంటే పైపులోంచి ఒక బైటు తీసుకోవాలి, పని అయ్యాక తిరిగి వేయాలి. పైపు ఖాళీగా ఉంటే ఎవరైనా ఆగాల్సిందే. ఎంత లోతుగా మేక్‌లు ఒకదాన్నొకటి పిలుచుకున్నా మొత్తం పనులు ఒకే హద్దులో ఉంటాయి. కార్గో, రస్ట్ కంపైలర్ ఈ పద్ధతిని పాటిస్తాయి. జీసీసీ లింక్ టైమ్ ఆప్టిమైజేషన్‌కి కూడా జాబ్‌సర్వర్‌ని వాడమని చెప్పొచ్చు. నింజా చాలా ఏళ్లు దీనికి దూరంగా ఉండి, 2025లో వచ్చిన 1.13 వెర్షన్‌లో టోకెన్లు తీసుకోవడం నేర్చుకుంది. మంచి మార్పది. గ్రేడిల్, గో లాంటివి మాత్రం ఇప్పటికీ ఎవరి లెక్క వాళ్లదే.

ప్రాసెస్‌ల సంఖ్య తగ్గించమంటే కొందరు షెల్‌లోని యూలిమిట్‌తోనో, సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపుకి హద్దులు పెట్టే కెర్నల్ సదుపాయం)లోని పిడ్స్ కంట్రోలర్‌తోనో గట్టి పైకప్పు వేస్తారు. దయచేసి ఆ పని ఇక్కడ చేయకండి. ఆ హద్దు తగిలినప్పుడు కొత్త ప్రాసెస్ ఆగి ఎదురుచూడదు. ఫోర్క్, అంటే కొత్త ప్రాసెస్‌ని పుట్టించడం, విఫలమవుతుంది, బిల్డు విరిగిపోతుంది. హద్దులు రెండు రకాలు: ‘కాసేపు ఆగు’ అనేవి, ‘కుదరదు పో’ అనేవి. జాబ్‌సర్వర్ మొదటి రకం. బిల్డుకి కావాల్సింది అదే. రెండో రకానికి వేరే ఉపయోగం ఉంది, అది మెషీన్‌ని కాపాడే కంచె. లినక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ ద్వారా బిల్డుని ఒక స్కోప్‌లో, అంటే విడి గుంపుగా, నడిపి దానికి మెమరీ హద్దు పెడితే, లెక్క తప్పిన రోజున చచ్చేది బిల్డు మాత్రమే. ఎస్‌ఎస్‌హెచ్ బతికే ఉంటుంది, లోపలికి వెళ్లి ఏం జరిగిందో చూడొచ్చు. అందులోనూ మెమరీ హై అన్న మెత్తటి హద్దు దాటితే ప్రాసెస్‌లు నెమ్మదిస్తాయి, మెమరీ మ్యాక్స్ అన్న గట్టి హద్దు దగ్గరే ఓఓఎం కిల్లర్ వస్తుంది. రెండూ పెట్టుకోవడం మంచిది.

మేక్‌లో లోడ్ యావరేజ్‌ని చూసి ఆగే ‘ఎల్’ ఆప్షన్ ఉంది కదా అని అడగవచ్చు. దాని మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మేక్ 4.4కి ముందు వెర్షన్లు చూసేది గడిచిన నిమిషం సగటు, అది మెల్లగా కదులుతుంది. అది పెరిగేలోపే మొదలుకావాల్సిన పనులన్నీ మొదలైపోయి ఉంటాయి. 4.4 నుంచి లినక్స్‌లో ఆ క్షణాన నడుస్తున్న పనుల సంఖ్యనే చూస్తుంది, కానీ మెమరీ సంగతి అప్పుడూ చూడదు. మొదలైనవాటిని మేక్ ఏ వెర్షన్‌లోనూ ఆపదు. నిజంగా మెషీన్ ఇబ్బందిని చూడాలంటే లినక్స్ 4.20 నుంచి వచ్చిన ప్రెషర్ స్టాల్ సమాచారం మేలు. మెమరీ కోసం ప్రాసెస్‌లు ఎంత సమయం ఆగిపోయాయో అది శాతంగా చెప్తుంది. బిల్డు నడుస్తుండగా ప్రాక్ కింద ప్రెషర్‌లో ఉండే మెమరీ అనే ఫైలు తెరిచి చూస్తే, మీరు గీతకి ఏ వైపున ఉన్నారో తెలిసిపోతుంది.

కంటైనర్లు ఈ గందరగోళాన్ని ఇంకో మెట్టు ఎక్కించాయి. 64 కోర్ల సర్వర్ మీద, రెండు సీపీయూల కోటా, నాలుగు జీబీల మెమరీ హద్దు ఉన్న కంటైనర్ ఊహించుకోండి. కోటా అంటే సమయంలో వాటా తప్ప కోర్లను దాచిపెట్టడం కాదు. అందుకని చాలా టూల్స్‌కి లోపలి నుంచి 64 కోర్లూ కనిపిస్తాయి, 64 కంపైలర్లు లేస్తాయి, నాలుగు జీబీల్లో ఇరుక్కుంటాయి. పెద్ద మెషీన్ కూడా ఇలా లోపలి నుంచి చిన్న మెషీనే. జావా 10 నుంచి, గో 1.25 నుంచి కోటాను గుర్తించడం మొదలుపెట్టాయి. మిగతావాటిలో వెర్షన్ వెర్షన్‌కీ తేడా ఉంది కాబట్టి ఎన్‌ప్రాక్ జవాబుని గుడ్డిగా నమ్మడానికి లేదు.

చిన్న బిల్డు మెషీన్ మీద సీఐ నడిపేవాళ్లకు నేను చెప్పేది: ఒకసారి ఒక్క జాబే. గిట్‌ల్యాబ్ రన్నర్‌లో అయితే కాంకరెంట్ విలువ ఒకటి, జెంకిన్స్‌లో ఎగ్జిక్యూటర్ ఒకటి. గిట్‌హబ్ సొంత రన్నర్ ఎలాగూ ఒకసారికి ఒక జాబే తీసుకుంటుంది, ఒకే మెషీన్ మీద మూడు రన్నర్లు పెట్టకుండా ఉంటే చాలు. కాన్ఫిగర్ చేసేటప్పుడు, లింక్ చేసేటప్పుడు కోర్లు ఖాళీగా ఉంటాయి, రెండో జాబు వాటిని వాడుకోవచ్చు కదా అనే వాదన ఉంది. మెమరీ పుష్కలంగా ఉన్నచోట అది సరైన వాదనే. మెమరీ తక్కువున్నచోట మాత్రం, ఏదో ఒకరోజు రెండు జాబుల లింకింగ్ ఒకే నిమిషంలో తారసపడుతుంది. అది ఏ రోజో ముందుగా చెప్పలేం. క్యూలో ఆగడం ఎవరికీ హాని చేయదు. అదే బ్రాంచికి కొత్త కమిట్ వచ్చినప్పుడు పాత జాబుని రద్దు చేసేలా పెట్టుకుంటే ఆ క్యూ కూడా సగం కరిగిపోతుంది.

ఇక మీ మెషీన్‌కి సంఖ్య తేల్చుకోవడం ఎలా? ఒక్క పనితో బిల్డు నడపండి. జీఎన్‌యూ టైమ్ ప్రోగ్రామ్‌కి ‘వి’ ఆప్షన్ ఇచ్చి నడిపితే, గరిష్ఠంగా ఎంత మెమరీ పట్టిందో చివర్లో చెప్తుంది. అది బిల్డులోని అన్నిటికంటే బరువైన ప్రాసెస్ తీసుకున్నది. చాలాసార్లు అది లింకరే అవుతుంది. అప్పుడు కంపైలింగ్‌కి ఒక హద్దు, లింకింగ్‌కి ఒక హద్దు వేరువేరుగా పెట్టాలి. నింజాలో పూల్ అనే సదుపాయం ఇందుకే ఉంది. సీమేక్ నుంచి జాబ్ పూల్స్ ద్వారా దాన్ని వాడుకోవచ్చు. ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ ప్రాజెక్టు ఇంకో అడుగు ముందుకేసి, ఒక్కో లింకుకి ఎంత మెమరీ కావాలో చెప్తే పనుల సంఖ్యను తనే లెక్కగట్టుకునే ఆప్షన్ ఇచ్చింది. డీబగ్ బిల్డులో ఒక్కో లింకు ఎన్నో జీబీలు తినే ప్రాజెక్టది, చేదు అనుభవం నుంచి పుట్టిన ఆప్షన్ అయి ఉండాలి. మిగతా పెద్ద ప్రాజెక్టులు దీన్ని చూసి నేర్చుకోవాలని నా కోరిక.

తేలిన సంఖ్యని మెషీన్లోనే, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా రాసిపెట్టండి. మేక్‌కి మేక్‌ఫ్లాగ్స్, సీమేక్‌కి బిల్డ్ ప్యారలల్ లెవెల్, కార్గోకి బిల్డ్ జాబ్స్. ఒక్కో టూల్‌కి ఒక్కో పేరు ఉండటం విసుగే. అందరూ గౌరవించే ఒకే పేరు ఉండాలి, దాన్ని ఇప్పటిదాకా ఎవరూ స్థిరపరచలేదు. జాబ్‌సర్వర్ అందరికీ ఉమ్మడి అయితే ఆ కొరత చాలావరకు తీరుతుంది. కానీ అందులోనూ అన్ని టోకెన్లూ సమానమే. చిన్న సీ ఫైలుకీ, మూడు జీబీల లింకుకీ ఒకే బైటు. మెమరీ బరువుని బట్టి టోకెన్లు తీసుకునే పద్ధతి రావాలి. బేజెల్ అనే బిల్డు టూల్ ఒక్కో పనికి ఎంత మెమరీ కావచ్చో అంచనా వేసుకుని నడిపిస్తుంది, అంటే ఇది అసాధ్యమేమీ కాదు.

ప్రాజెక్టులు నడిపేవాళ్లు అంతవరకు ఆగక్కర్లేదు. స్క్రిప్టులో అంకెను గానీ ఎన్‌ప్రాక్‌ని గానీ బిగించకండి. నేను నా స్క్రిప్టుల్లో చేసేది ఇది: మెషీన్ యజమాని ఎన్విరాన్‌మెంట్‌లో ఒక సంఖ్య పెట్టి ఉంటే దాన్ని అలాగే తీసుకుంటాను, ప్రశ్నించను. లేకపోతే ప్రాక్ మెమ్‌ఇన్ఫోలో అందుబాటులో ఉన్న మెమరీ చూసి, కంటైనర్ హద్దు అంతకంటే చిన్నదైతే దాన్ని తీసుకుని, ఆ ప్రాజెక్టులో ఒక పనికి కావాల్సినంతతో భాగిస్తాను. వచ్చినదాన్ని కోర్ల సంఖ్యతో పోల్చి చిన్నది ఉంచుతాను, ఒకటికి తగ్గనివ్వను. ఎంచుకున్న సంఖ్యనీ, అది మెమరీ వల్ల వచ్చిందా కోర్ల వల్ల వచ్చిందా అన్నదీ లాగులో మొదటి లైనుగా రాయిస్తాను. బిల్డు ఆగిపోయినప్పుడు లాగు చదివేవాళ్లకు ముందు ఆ లైనే కనిపిస్తుంది, దాన్ని ఎలా మార్చుకోవాలో కూడా పక్కనే ఉంటుంది.